బిళ్ళలు అతికించేవాడి లెక్క

ఎర్రజెండా ఎగిరాక,
తుపాకులన్నీ నోళ్ళు తెరిచి బల్లల మీద పడుకున్నాక
నేను నడుస్తాను వంద మీటర్లు,
నడుముకి బిళ్ళల చుట్ట వేలాడేసుకుని.

నా పని చిన్నది.
కాగితానికి పడ్డ చిల్లుల్ని మూయడం.
నల్ల చోట నల్ల బిళ్ళ, తెల్ల చోట తెల్లది.
చుట్ట ఎనిమిది యూరోలు, క్లబ్బు సొమ్ము,
అందుకే దుబారా గిట్టదు నాకు.
డెబ్భై ఒకటో ఏట కుడికంట్లో పొర కమ్మి
నా రైఫిల్ తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను.
దూరం ఆనదు. చిల్లుని మాత్రం
వేలితో తడిమి చదవగలను.

శనివారం పొద్దున పదకొండు మంది.
కైనూ అడవుల అంచున, పీటు బురద పక్కన
ఆగస్టు దోమలు ఆఖరి విందులో ఉన్నాయి.
ముప్ఫై రెండు ఎల్క్ దుప్పుల్ని పడగొట్టిన కౌకో వచ్చాడు,
ఆ అంకె అతనే చెప్పాడు, రెండుసార్లు.
నిన్నటిదాకా తుపాకి ముట్టని బేకరీ పిల్ల సైనీ వచ్చింది,
చెవిమూతలు తలకిందులుగా పెట్టుకుని.
పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కాలో ఒక పోస్టుమాస్టరు.
చివరి బల్ల దగ్గర తెర్హి,
ఆమె ముందు అర్మస్ రైఫిల్.
అర్మస్ మార్చిలో పోయాడు, మంచు కరగకముందే.

నేర్పేది రైయా. గొంతు పెంచదు.
"ట్రిగ్గర్ని లాగకండి. కొత్తగా ఈనిన ఆవు దగ్గర కూర్చున్నట్టు
మెల్లగా పిండండి. ఎప్పుడు పేలిందో మీకే తెలియకూడదు."
ఊపిరి సగం వదిలి, ఆ సగం దగ్గర ఆగమంది.
సైనీ మొత్తంగా ఆగిపోయింది,
మొహం కందగడ్డయ్యేదాకా.
"ఇక పీల్చమ్మా," అంది రైయా.

మధ్యాహ్నం ఆమె ఒక కిటుకు చేసింది.
మందు లేని ఉత్తుత్తి తూటా ఒకటి
మంచివాటిలో కలిపి కౌకోకి ఇచ్చింది.
టిక్కుమంది రైఫిల్.
చప్పుడు లేదు, దెబ్బ లేదు,
అయినా కౌకో భుజం ఉలిక్కిపడింది,
కన్ను గట్టిగా మూసుకుంది,
గొట్టం నేల చూసింది.
ఎవరూ నవ్వలేదు.
ముప్ఫై రెండు దుప్పులు ఆ నిశ్శబ్దంలో లేచి
మెల్లగా అడవిలోకి వెళ్ళిపోయాయి.
నాకిది కొత్త కాదు. అతని చిల్లులు పదేళ్ళుగా
ఎడమకి, కిందకి జారుతుంటే
బిళ్ళలు వేస్తూ వచ్చింది నేనే, పైకి చెప్పకుండా.

తెర్హివి వేరే రకం.
ఐదూ ఒక గుప్పిట్లో పట్టేంత దగ్గరగా,
కానీ గుండ్రం బయట, కుడి పక్కన, కాస్త పైన.
"చెయ్యి బాగుంది. అద్దం నీది కాదు," అంది రైయా.
"నీ కంటికి తిప్పుకోవాలి."
తెర్హి స్కోపు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.
"ఇది అతను కట్టుకున్న గురి."
పెద్దగా అనలేదు. చెవిమూతల్లోంచి కూడా వినబడింది.

ఆ రాత్రి సౌనాలో మగాళ్ళం దీని ఊసెత్తలేదు.
రాళ్ళ మీద నీళ్ళు పోశాం. కౌకో ఎక్కువ పోశాడు.

ఆదివారం ఆమె పెన్సిల్ తెచ్చుకుంది,
చక్కెర సంచి చింపిన ముక్క తెచ్చుకుంది.
ఒక్కో క్లిక్కూ లెక్కపెట్టి తిప్పింది:
ఎడమకి పదకొండు, కిందకి నాలుగు.
రాసి, మడిచి, తుపాకి పెట్టెలో
అర్మస్ చేతితొడుగు కింద దాచింది.
ఎందుకని ఎవరం అడగలేదు.
వెనక్కి వెళ్ళే దారి రాసిపెట్టుకుంటే తప్పేముంది.

అతని చిల్లులకూ బిళ్ళలు వేశాను నేను, ఇరవై ఆరేళ్ళు.
మెడ ఎడమకి వంచి చూసేవాడు, మొండిగా,
ఆ వంకరకే సర్దుకుంది ఆ అద్దం.
ఈ సంగతి తెర్హికి చెప్పాలా వద్దా అని
రెండు రోజులు నోట్లో నానబెట్టి, మింగేశాను.

చివరి జెండా. చివరి నడక.
కౌకోవి ఇంకా ఎడమకే, కాస్త తక్కువగా.
సైనీది ఒకటి చెక్క చట్రానికి దిగింది,
దాన్నే ఫోటో తీసుకుంది సంబరంగా.
తెర్హి కాగితం మీద వేలు పెట్టాను.
నల్లటి నడిమధ్య మూడు చిల్లులు కలిసిపోయి
ఒకే ఆకులా ఉన్నాయి, అంచులు గరుగ్గా.
నాలుగోది పక్కన. ఐదోది ఎటు పోయిందో.
మూడింటికీ ఒక్క బిళ్ళ సరిపోయేది.
వెయ్యలేదు.
కాగితం విప్పి, చుట్టి,
ఆమె కారు వైపర్ కింద పెట్టి
కాఫీ కప్పులు కడగడానికి వెళ్ళాను.